ఎల్వా చేతి కొలత

ఒక కాగితం మీద ఒక్క గీత కోసం ఎల్వా కాపురం వదులుకుందని సస్క్వెహానా నదికి ఈవల మావాళ్ళు ఆరేళ్ళపాటు చెప్పుకుని నవ్వారు. నవ్వినవాళ్ళలో సగంమంది ఆ కాగితం కళ్ళతో చూడనైనా లేదు. చూసినవాళ్ళు మటుకు ఆమె అంతకాలం ఎందుకు ఆగిందా అని ఆశ్చర్యపోయేవారు.

ఆమె తండ్రి రైగల్‌ది మాంసం కొట్టు. పన్నెండో ఏటినుంచి ఎల్వా పని సాసేజీలు మెలివెయ్యడం. పేగులో కూరిన మాంసాన్ని జానెడు దూరానికొకసారి వేళ్ళతో నొక్కి మెలిక తిప్పాలి. ప్రతి ముక్కా ఒకే తూకం ఉండాలి. తండ్రి పదింటిలో ఒకటి తెంపి త్రాసులో వేసేవాడు. తేడా వస్తే దండ మొత్తం విప్పించి మళ్ళీ కూరించేవాడు. ఏడ్చినా వినేవాడు కాదు. మూడేళ్ళకు ఆ త్రాసు వాడకం తగ్గి, అటక మీదికెక్కింది. కూతురి వేళ్ళు చాలునని తండ్రికి నమ్మకం కుదిరింది, కానీ ఆ మాట పైకి అన్న పాపాన పోలేదు. ఎల్వా జీవితంలో మగవాళ్ళందరికీ అదే జబ్బు.

ఇరవై రెండో ఏట మెర్ల్ బాషోర్‌ను చేసుకుంది. చలికాలం రోడ్లమీద మంచు తోసే బండి నడిపేవాడు. మాటకారి, అందగాడు. వేసవి వచ్చిందంటే అతనికి ఒకటే పిచ్చి: బల్ల మీద తుపాకి పెట్టి కాల్చే పోటీలు. కాంక్రీటు బల్ల మీద ఇసుక సంచులు, వాటిమీద తుపాకి, రెండువందల గజాల అవతల ఒక కాగితం. అయిదు తూటాలు ఎవరివి అందరికన్నా దగ్గరగా పడితే వాళ్ళు గెలిచినట్టు. చచ్చే జంతువూ లేదు, చప్పట్లు కొట్టే జనమూ లేరు. అయినా దానికోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఈ కొండల్లో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈ పోటీల్లో తూటాలు ఎవరూ కొట్లో కొనరు. కాల్చిన ఇత్తడి తొడుగునే తీసుకొచ్చి, మైదానం పక్కన రేకుల షెడ్డులో కూర్చుని, పోటీకీ పోటీకీ మధ్య దొరికిన అరగంటలో మళ్ళీ మందు పోసి గుండు బిగించుకుంటారు. మందు పోసే సాధనాన్ని మెజరు అంటారు. పైన మందు సీసా, మధ్యలో ఇత్తడి డ్రమ్ము, పక్కన పిడి. పిడి ఎత్తితే డ్రమ్ములో ఉన్న గుంట నిండుతుంది, దించితే ఆ మందు కింది తొడుగులోకి జారుతుంది. గుంట పెంచడానికీ తగ్గించడానికీ ఒక మర ఉంటుంది, తిప్పితే క్లిక్కుమంటుంది. గాలికి త్రాసు నిలవదు కాబట్టి షెడ్డులో మందు తూచేవాడు లేడు. "నీది ఎన్ని క్లిక్కులు?" అన్నదే మావాళ్ళ పలకరింపు. ఆ అంకె తెలిస్తే సర్వం తెలిసినట్టే అనుకుంటారు వెర్రివాళ్ళు.

అంకె ఒక్కటీ తెలిస్తే ఏం లాభం? మందు కూడా బియ్యం లాంటిదే. శేరు తట్టి నింపితే ఒక లెక్క, తట్టకుండా నింపితే ఇంకో లెక్క. పిడి ఒకసారి విసురుగా, ఒకసారి మెల్లగా ఎత్తితే గుంటలో మందు ఒకలా సర్దుకోదు. పక్కవాడు అదే బల్ల మీద సుత్తితో గుండు దిగ్గొడుతుంటే ఆ అదురుకి ఇంకాస్త కుంగుతుంది. సీసా సగానికి దిగితే బరువు తగ్గి మళ్ళీ తేడా. ఇవన్నీ ఎల్వాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన రెండో వేసవిలో విసుగ్గా ఉన్న మెర్ల్ "కాస్త ఈ పిడి లాగి పెట్టు" అంటే లాగింది. మొదటి పది సార్లలోనే ఆమె వేళ్ళకు సంగతి తెలిసిపోయింది. పక్కవాడి సుత్తి ఆగేదాకా ఆగేది. సీసాలో మందు ఎప్పుడూ రెండు గీతల మధ్య ఉంచేది. పైకెత్తి ఒక చిన్న తట్టు, దించి ఒక చిన్న తట్టు, ప్రతిసారీ ఒకే ఊపిరిలో.

ఆ ఏడాదినుంచి మెర్ల్ గెలవడం మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ళలో క్లబ్బు రికార్డు నాలుగుసార్లు బద్దలు కొట్టాడు. రికార్డు పడ్డప్పుడల్లా కార్యదర్శి హోమర్ ఈబీ ఒక కాగితం నింపిస్తాడు. తుపాకి గొట్టం ఎవరిది, గుండు ఎవరిది, మందు ఏది, చివర్న 'మందు పోసినవారు' అని ఒక గీత. నాలుగుసార్లూ ఆ గీత మీద మెర్ల్ తన చేత్తో రాసింది ఒకటే మాట: 'స్వయంగా'.

మూడుసార్లు ఎల్వా ఊరుకుంది. నాలుగోసారి అతని భుజం మీదనుంచి వంగి చూసి, "ఆ గీత మీద నా పేరు రాయి మెర్ల్" అంది. షెడ్డు నిండా జనం ఉన్నారు.

మెర్ల్ నవ్వాడు. "పిడి లాగడం కూడా ఒక పనేనా? కోతికి నేర్పినా లాగుతుంది."

అందరూ నవ్వారు. హోమర్ నవ్వలేదు గానీ, నోరు కూడా మెదపకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఎల్వా పెట్టె సర్దుకుని అన్నగారింటికి పోయింది. విడాకుల కాగితాల్లో కారణం ఏమని రాయాలో తెలియక వకీలు తల పట్టుకున్నాడు.

పంపకాలప్పుడు మెర్ల్ మెజరు తనకు కావాలన్నాడు, ఇచ్చేసింది. ఒకే విడతలో తయారైన మందు డబ్బాలు ఎనిమిదుంటే చెరి నాలుగు పంచుకున్నారు. "క్లిక్కులు ఎన్నో రాసివ్వు" అన్నాడు. నిజమైన అంకే రాసిచ్చింది. అబద్ధం ఆడాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. అడిగింది అంకె, ఇచ్చింది అంకె. చెయ్యి సంగతి అతను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

తరువాత ఆరేళ్ళు ఎల్వా కక్షతోనే బతికింది. దాన్ని పట్టుదలనో ఆత్మగౌరవమనో పెద్దమాటలతో కప్పిపెట్టడం అనవసరం. పొద్దున లేచి కాఫీ కాచుకుంటూ అతని మీద పళ్ళు నూరేది. సొంతంగా తుపాకి కొనుక్కుని పోటీల్లో దిగింది. మందులో ఆమెకు తిరుగులేదు కానీ గాలి మాత్రం లొంగలేదు. మైదానంలో జెండాలు ఎటు వాలుతున్నాయో చూసి, ఏ క్షణాన మీట నొక్కాలో తెలుసుకోవడం ఒక విద్య. అందులో మెర్ల్‌ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని ఆమే ఒప్పుకునేది, ఒప్పుకుని ఇంకా ఉడికిపోయేది. ఆరేళ్ళలో అతని కంటే పైన నిలిచింది రెండేసార్లు.

ఊరట ఒకటి ఉంది. మెర్ల్ రాత మారిపోయింది. అతని గుళ్ళు ఒకదానికింద ఒకటి నిలువుగా పడసాగాయి. పక్కకు పోతే గాలి తప్పు, నిలువుగా పోతే మందు తప్పు. ఇది మావాళ్ళలో పసివాడికీ తెలుసు. మెర్ల్ మెజరును తిట్టి కొత్తది కొన్నాడు. దాన్నీ తిట్టి ఇంకొకటి కొన్నాడు. ప్రతి కొత్త మెజరుకూ ఎల్వా రాసిచ్చిన అంకెనే తిప్పి పెట్టుకునేవాడు. ఒక్కొక్కటి కొన్నాడని తెలిసినప్పుడల్లా ఎల్వా కడుపు చల్లబడేది. అయినా అది సరిపోలేదు. అతను ఓడితే చాలదు ఆమెకు. ఆ గీత మీద, అతని చేతిరాతతో, తన పేరు చూడాలి.

డెబ్భై తొమ్మిది జూలైలో ఫిషర్స్ గ్యాప్ క్లబ్బులో రెండువందల గజాల పోటీ. రోజుకు అయిదు కాగితాలు. మూడు కాగితాలు అయ్యేసరికి ఎల్వా ఆరో స్థానంలో ఉంది, మెర్ల్ పదకొండులో ఉన్నాడు. చర్చి ఆడవాళ్ళు మొక్కజొన్న కోడి సూపు వడ్డిస్తున్నారు. షెడ్డులో అందరూ గిన్నెలు పక్కన పెట్టుకుని నాలుగోదానికి తూటాలు కట్టుకుంటున్నారు. ఇంతలో మెర్ల్ బల్ల దగ్గర దభీమని చప్పుడైంది. మెజరు బిగింపు ఊడి సిమెంటు నేల మీద పడింది. డ్రమ్ము వంకరపోయి పిడి కదలడం లేదు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎంత పగవాడైనా సరే, సామాను అడిగితే లేదనకూడదు. ఒకడి సామాను పాడై ఓడిపోతే ఆ గెలుపు గెలుపు కాదని మావాళ్ళ పట్టింపు. కానీ మెర్ల్ వాడే మందు ఇంకెవరి సీసాలోనూ లేదు, ఒక్క ఎల్వా సీసాలో తప్ప.

అతను ముఖం మాడ్చుకుని వచ్చి నిలబడ్డాడు. "నీ మెజరు ఒక్కసారి ఇస్తావా ఎల్వా?"

ఎల్వా చెంచా సూపులో పెట్టేసి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎన్ని క్లిక్కులు పెట్టమంటావు?"

"ఎప్పటిదే."

"అయితే మర తిప్పక్కర్లేదు. నాదీ అదే." చెయ్యి చాపింది. "తొడుగులు ఇలా తే. నేనే పోస్తాను."

మెర్ల్ అనుమానంగా చూశాడు. "నాకు చేతులున్నాయి."

"ఉన్నాయిలే, ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాం," అన్నాడు వెనకనుంచి వేన్ స్ట్రోమ్ అనే లావుపాటి గుర్రాల డాక్టరు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. టైము లేదు. మెర్ల్ ఎనిమిది తొడుగులు గుచ్చిన చెక్కదిమ్మను బల్ల మీద పెట్టాడు.

ఎల్వా పిడి పట్టుకుంది. అప్పుడు తోచింది ఆమెకు, అతని పరువు తన వేళ్ళ కింద ఉందని. పిడి ఒకసారి కాస్త తొందరగా, ఒకసారి కాస్త నెమ్మదిగా ఎత్తితే చాలు. ఎవడూ కనిపెట్టలేడు. ప్రమాదమేమీ ఉండదు, గుళ్ళు కాస్త చెదురుతాయి అంతే, మెర్ల్ అందరిముందూ నవ్వులపాలవుతాడు. ఆ ఆలోచన ఆమెకు ఎంతో తియ్యగా అనిపించింది. రెండు నిమిషాలు దాన్ని చప్పరించింది కూడా.

కానీ అలా చేస్తే వాడు ఏమంటాడు? ఎల్వా మెజరు చెత్తది అంటాడు. ఎల్వా చెయ్యి చెత్తది అంటాడు. జనం నమ్ముతారు. వీడికి నేను సాకు ఎందుకివ్వాలి, అనుకుంది.

పక్కనున్న వేన్‌తో, "ఆ సుత్తి కాసేపు ఆపు," అంది. వేన్ ఆపాడు. అవతలివాడూ ఆపాడు. మెజరులో మందు ఒక తీరున కుదురుకోవడానికి మొదటి ఆరు పోతలు తిరిగి సీసాలో పోసేసింది. తరువాత ఎనిమిది తొడుగులు నింపింది. తండ్రి త్రాసు దగ్గర కూడా ఆమె అంత జాగ్రత్తగా ఎప్పుడూ పని చెయ్యలేదు. కట్టుకున్న మొగుడి కోసం పందొమ్మిదేళ్ళు ప్రేమతో పోసింది. ఆవేళ పోసింది పగతో. ఆమె చెయ్యి అంత నిలకడగా ఉండటం ఆమెకే వింతగా తోచింది.

మెర్ల్ వెళ్ళి కాల్చాడు. ఆవేళ గాలి నిమిషానికోసారి తిరుగుతోంది. అతను ఓపిగ్గా జెండాలు చూస్తూ కూర్చుని, మూడు తూటాలు పక్క గురి మీద కాల్చి గాలి పట్టు చూసుకుని, సరైన అదను దొరకగానే అయిదూ వరసగా వదిలాడు. కాగితం హోమర్ బల్ల మీదికి వచ్చింది. హోమర్ భూతద్దం పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచాడు.

"అంగుళంలో అయిదో వంతు కూడా లేదు," అన్నాడు. "క్లబ్బు రికార్డు ఇది, మెర్ల్."

కాగితాన్ని గోడకు కొట్టారు. కాల్చిన కాగితాలన్నీ వేలాడదీసే ఆ చెక్క గోడను మావాళ్ళు ఏడుపు గోడ అంటారు, దాని ముందు నిలబడి నవ్వినవాళ్ళు తక్కువ కాబట్టి. మెర్ల్ ఆవేళ నవ్వాడు. అయిదు గుళ్ళూ ఒకే చిరుగు. చుట్టూ ఉన్నవాళ్ళు వీపు తడుతుంటే పొంగిపోయి, ఆ వేడిమీదే దిమ్మ పట్టుకుని ఎల్వా బల్లకు వచ్చాడు. అడగను కూడా అడగలేదు. తొడుగులు ఆమె ముందు పెట్టి, జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, వెనకటి రోజుల్లో నిలబడ్డట్టే.

ఎల్వా లేచి పక్కకు జరిగింది. "రా, కూర్చో."

"అదేంటి?"

"మెజరు అడిగావుగా. ఇదిగో. మందు నాదే, సీసా గీత దాకా నింపి పెట్టాను, మర ముట్టుకోలేదు. అన్నీ అవే." గొంతు పెంచకుండానే షెడ్డంతా వినపడేలా అంది. "నువ్వే లాగు. కోతికైనా వచ్చే పనేగా."

సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వేన్ స్ట్రోమ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. ఆమె సామాను లేదనలేదు, కాబట్టి తప్పు పట్టడానికి వీల్లేదు. ఇరవైమంది చూస్తుండగా మెర్ల్ వెనక్కి తగ్గలేక కూర్చున్నాడు. మొదటి పిడి విసురుగా ఎత్తాడు. రెండోది ఆమె చూస్తోందని నెమ్మదిగా ఎత్తాడు. నాలుగోదానికి తట్టడం మరిచాడు. అయిదోదానికి గుర్తొచ్చి రెండుసార్లు తట్టాడు. ఎల్వా అక్కడ నిలబడి చర్చి ఆడవాళ్ళ బెల్లప్పాకం రొట్టె తింటూ మొత్తం ఎనిమిదీ చూసింది. ఆ రొట్టె రుచి ఆమెకు చాలాకాలం గుర్తుంది.

అయిదో కాగితం వచ్చింది. హోమర్ దాన్ని నాలుగోదాని పక్కనే కొట్టాడు. గుళ్ళు ఒకటిన్నర అంగుళాల పొడుగున చొక్కా గుండీల్లా ఒకదానికింద ఒకటి పడ్డాయి. పక్కకు వెంట్రుకంత కూడా చెదరలేదు. గాలిని అతను ఎప్పటిలాగే గెలిచాడన్నమాట. ఇక ఆ నిలువుకి ఎవరు కారణమో ఏడుపు గోడ ముందు నిలబడ్డ ప్రతివాడూ చదువుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మెర్ల్‌కి తేలికగా ఉండేది.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు ఎల్వాతో, గొంతు దించి.

"రొట్టె తిన్నాను. నువ్వు చూశావుగా."

సాయంత్రం బహుమతులయ్యాక హోమర్ రికార్డు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మెర్ల్ గబగబా నింపుకుంటూ వచ్చాడు. గొట్టం, గుండు, మందు. చివరి గీత దగ్గర అతని చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు పోబోయింది. హోమర్ తన ముసలివేలు ఆ గీత మీద పెట్టాడు.

"ఆలోచించుకుని రాయి," అన్నాడు. "మేమంతా షెడ్డులోనే ఉన్నాం. అక్కడ అబద్ధం రాస్తే నేను సంతకం పెట్టను. ఖాళీగా వదిలేసినా రికార్డు చెల్లదు."

మెర్ల్ చుట్టూ చూశాడు. కాగితం చింపేసి పోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఆ అయిదు గుళ్ళ చిరుగు అతని జన్మలో అతిచిన్నది, యాభై దాటిన కళ్ళకు మళ్ళీ దొరకదు. దాన్ని వదులుకోలేడని ఎల్వాకు తెలుసు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? అందుకేగా అంత చక్కగా పోసింది.

అతను పెన్ను ఆనించి 'ఎల్వా బాషోర్' అని రాశాడు.

"ఆ పేరుగల మనిషి ఆరేళ్ళ కిందటే ఇల్లు వదిలి పోయింది," అంది ఎల్వా. "రైగల్ అని రాయి."

కొట్టేసి రాశాడు. హోమర్ సంతకం పెట్టబోతుంటే ఎల్వా ఆపింది.

"హోమర్, పాతవి నాలుగున్నాయి కదా, అవి కూడా తెప్పించండి."

"అవి అయిపోయినవి ఎల్వా," అన్నాడు మెర్ల్. ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఆమె జీవితంలో దాన్ని వినడం అదే మొదలు. "ఇది రాశానుగా. వదిలెయ్యి."

ఆమె అతని వైపు చూడలేదు. హోమర్ వైపు చూస్తూ నిలబడింది. "ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను," అని గొణిగి, ఆ ముసలాయన తాళంచెవులు తీసుకుని తానే బీరువా దగ్గరికి నడిచాడు.

నాలుగు కాగితాలూ వచ్చాయి. మెర్ల్ ఒక్కొక్కదాని మీదా 'స్వయంగా' కొట్టేసి ఆమె పేరు రాశాడు. జనం వెళ్ళిపోలేదు. మూడోదానికి వచ్చేసరికి అతని అక్షరాలు చిన్నవైపోయాయి. నాలుగోదానికి భుజాలు వంగిపోయాయి. జాలి కలుగుతుందేమోనని ఎల్వా తన లోపల వెతికి చూసుకుంది. కలగలేదు. ఆఖరి కాగితం మీద సిరా ఆరేదాకా అక్కడే నిలబడింది.